గురువు పేరే సనదు

1326 ఆగస్టు. రంజాన్ నెల. మొరాకో నుంచి మక్కా యాత్రకు బయల్దేరిన ఇరవై రెండేళ్ల కుర్రాడొకడు దారిలో డమాస్కస్‌లో ఆగాడు. యాత్రికుల బిడారు కదలడానికి ఇంకా కొన్ని వారాల వ్యవధి ఉంది. ఆ వ్యవధిని అతను ఊరు చూడటానికే ఖర్చు పెట్టలేదు. ఉమయ్యద్ పెద్ద మసీదులో కూర్చుని, బుఖారీ కూర్చిన హదీసు (ప్రవక్త మాటలు, చేతల) గ్రంథాన్ని పద్నాలుగు విడతల్లో మొదటి నుంచి చివరిదాకా విన్నాడు. ఊళ్లో పేరున్న పండితుల దగ్గరికి వెళ్లి, వాళ్లు నేర్చినదాన్ని తానూ చెప్పడానికి అనుమతులు తీసుకున్నాడు. ఆ కుర్రాడు ఇబ్న్ బతూతా. అనుమతులిచ్చినవారి జాబితాను తన యాత్రాగ్రంథంలో రాసుకున్నాడు. అందులో ఇద్దరు మహిళలున్నారు. ఒకామె జైనబ్ బింత్ అల్ కమాల్. అప్పటికామె వయసు ఎనభైకి దగ్గర.

ఆ అనుమతి పేరు ఇజాజా. ఇస్లామిక్ ప్రపంచంలో కొన్ని శతాబ్దాలపాటు చదువుకు రుజువు అదే. దాని మీద ఏ విద్యాలయం ముద్రా ఉండదు, ఏ సుల్తాను సంతకమూ ఉండదు. 'ఈ పుస్తకాన్ని ఫలానావాడు నా దగ్గర చదివాడు, నేను ఫలానా గురువు దగ్గర చదివాను, ఆయన ఇంకొకరి దగ్గర' అంటూ పేర్ల వరుస పుస్తకం రాసినవారి దాకా, హదీసైతే ప్రవక్త దాకా వెళుతుంది. ఎక్కడ చదివావని అడిగేవారు తక్కువ. ఎవరి దగ్గర చదివావన్నదే ప్రశ్న. ముస్లిం సమాజాల్లో చదువు గురించి ఆనాటి నుంచి నేటిదాకా నడిచిన గొడవల్లో చాలావాటికి మూలం ఇక్కడే ఉంది: ఫలానావాడు చదువుకున్నాడని చెప్పే హక్కు ఎవరిది? గురువుదా, సంస్థదా, సర్కారుదా?

డమాస్కస్‌లో మిగిలిన పాత రాతప్రతుల చివరి పేజీలు చూస్తే ఆ పాఠాలు ఎలా సాగేవో తెలుస్తుంది. అక్కడ ఖాళీ జాగాల్లో ఇరుకిరుకుగా హాజరు పట్టీలుంటాయి. చెప్పిన గురువెవరు, ఆయన ముందు పుస్తకాన్ని పైకి చదివినదెవరు, కూర్చుని విన్నదెవరెవరు, ఈ పట్టీ రాసిందెవరు, ఏ రోజు, ఏ చోట. విన్నవాళ్లలో పండితులే కాదు, అంగళ్లవాళ్లు, చేతిపనులవాళ్లు, ఆడవాళ్లు, బానిసలు, పిల్లలు కూడా కనిపిస్తారు. ఆలస్యంగా వచ్చినవాడికి ఏ భాగం తప్పిపోయిందో రాస్తారు. కునికిపాట్లు పడ్డవాడి సంగతీ రాసిన సందర్భాలున్నాయి. పిల్లల వయసు రాయడం తప్పనిసరి. అయిదేళ్లు నిండినవాడైతే 'విన్నాడు' అంటారు, అంతకన్నా చిన్నవాడైతే 'హాజరయ్యాడు' అని ఊరుకుంటారు. చంకలో బిడ్డను పాఠానికి తీసుకెళ్లడమేమిటనిపించవచ్చు. దానికో లెక్క ఉంది. పేర్ల వరుస ఎంత పొట్టిదైతే మాటకు అంత విలువ. బాల్యంలోనే ఒక ముసలి పండితుడి ముందు కూర్చున్న పిల్లవాడు ఎనభై ఏళ్లు బతికితే, మధ్యలో రెండు మూడు తరాల పేర్లు తగ్గిపోతాయి. జైనబ్ విషయంలో జరిగింది ఇదే. చంటిపిల్లగా ఉన్నప్పుడే ఇంట్లోవాళ్లు ఆమెకు పెద్దల ఇజాజాలు సంపాదించారు. ఆమె పెళ్లి చేసుకోలేదు, నిండు ఆయుష్షు బతికింది. తనతోపాటు ఆ ఇజాజాలు పొందినవారంతా పోయాక దూరదూరాల విద్యార్థులు ఆమె ఇంటి ముందు చేరారు. 1339లో చనిపోయేదాకా చెబుతూనే ఉంది.

ఆమె వివరాలు నేటి పాఠకులకు అందడంలో హైదరాబాదు చేయి కూడా ఉంది. పద్నాలుగో శతాబ్దపు ప్రముఖుల గురించి ఇబ్న్ హజర్ అస్ఖలానీ రాసిన జీవితచరిత్రల కోశం 'అల్ దురర్ అల్ కామినా'లో ఆమె పేరుంది. ఆ అరబ్బీ గ్రంథాన్ని 1930 ప్రాంతంలో సంపుటాలుగా అచ్చువేసింది మన దాయిరతుల్ మారిఫ్. 1888లో మొదలైన ఆ ప్రచురణ సంస్థ ఇప్పటికీ ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణలో ఉంది. కైరోలో, బేరూత్‌లో అరబ్బీ పరిశోధకులకు హైదరాబాదు అనగానే బిర్యానీకి ముందు గుర్తొచ్చేది ఈ ముద్రణే. మనలో ఎక్కువమందికి ఆ భవనం ఎక్కడుందో కూడా తెలియదు.

మొదట్లో బడి అంటే మసీదే. మదీనాలో ప్రవక్త మసీదు పక్కన నీడ కింద ఉన్న అరుగు మీద ఇల్లూ వాకిలీ లేని శిష్యులు ఉంటూ నేర్చుకునేవారు. 624లో బద్ర్ యుద్ధం తర్వాత, చదువొచ్చిన ఖైదీలు ఒక్కొక్కరూ పదిమంది మదీనా పిల్లలకు రాతకోతలు నేర్పితే విడుదల చేశారని సంప్రదాయ చరిత్రలు చెబుతాయి. తర్వాతి శతాబ్దాల్లో పెద్ద మసీదుల్లో ఒక్కో స్తంభం ఒక్కో పండితుడిది. ఆయన స్తంభానికి వీపు ఆనించి కూర్చుంటే శిష్యులు చుట్టూ వలయంగా చేరేవారు. దాన్ని హల్కా అనేవారు. నచ్చకపోతే లేచి పక్క స్తంభం దగ్గరికి పోవచ్చు. ప్రవేశపరీక్ష లేదు, ఏళ్ల లెక్క లేదు, ఒక్క పుస్తకం కోసం నెలల తరబడి నడిచి మరో దేశం వెళ్లేవాళ్లకు కొదవలేదు.

ఈ ఏర్పాటులోకి కట్టడమూ జీతమూ పెద్ద ఎత్తున వచ్చింది పదకొండో శతాబ్దంలో. సెల్జూక్ సుల్తానుల వజీరు నిజాముల్ ముల్క్ బాగ్దాదులో నిజామియా మదరసా కట్టించి 1067లో తెరిచాడు. అధ్యాపకుడికి జీతం, విద్యార్థులకు బస, భోజనం. వీటన్నిటికీ వక్ఫు ఆస్తుల, అంటే ధర్మకార్యాలకు రాసిచ్చిన ఆస్తుల, ఆదాయం. ప్రారంభం రోజున ఊరి పెద్దలంతా వచ్చి కూర్చున్నారు. పాఠం చెప్పాల్సిన అబూ ఇస్హాక్ షీరాజీ మాత్రం రాలేదు. దారిలో ఒక కుర్రాడు ఎదురై, కబ్జా చేసిన సొత్తుతో కట్టిన చోట పాఠం ఎలా చెబుతారని అడిగాడట. ఆయన అటునుంచి అటే వెళ్లిపోయాడు. చేసేది లేక మరో పండితుడిని కూర్చోబెట్టారు. ఇరవై రోజుల బతిమాలాట తర్వాత షీరాజీ వచ్చి పదవి తీసుకున్నాడు. తీసుకున్నాక కూడా నమాజు వేళకు మదరసాలో ఉండకుండా బయటి మసీదుకు వెళ్లేవాడని చరిత్రకారులు రాశారు. సర్కారు సొమ్ము తింటున్నామన్న ఆ జంకు తర్వాతి తరాల్లోనూ పోలేదు. అదే పీఠం మీద 1091లో కూర్చున్న ప్రసిద్ధ పండితుడు గజాలీ నాలుగేళ్లకే, కీర్తి శిఖరాన ఉండగా, అన్నీ వదిలి బాగ్దాదు విడిచిపోయాడు.

మదరసా చదువును నిలబెట్టింది, పేదింటి పిల్లలకు అన్నం పెట్టింది. అదే సమయంలో ఒక తలుపు మూసింది. జీతంతో కూడిన అధ్యాపక పదవులు మగవాళ్లవే అయ్యాయి. డమాస్కస్‌లో అయ్యూబీ రాజవంశపు స్త్రీలు తమ డబ్బుతో మదరసాలు కట్టించారు, కానీ వాటిలో పాఠం చెప్పే ఉద్యోగం ఆడవాళ్లకు దక్కలేదు. జైనబ్‌లాంటివాళ్లు చెప్పగలిగింది ఇజాజాకు భవనంతో పని లేదు కాబట్టే. పాత పద్ధతిలో క్రమశిక్షణ తక్కువని, గందరగోళమని విమర్శించేవాళ్లు ఈ సంగతి తరచుగా మరిచిపోతారు.

బాగ్దాదులో పేరొందిన ఆ నమూనా నాలుగు శతాబ్దాల్లో దక్కను చేరింది. ఇరాన్‌లోని గీలాన్ నుంచి వచ్చి బహమనీ సుల్తానులకు వజీరైన మహమూద్ గవాన్ 1472లో బీదరులో మూడంతస్తుల మదరసా కట్టించాడు. ముఖద్వారం మీద నీలం, తెలుపు, పసుపు రంగుల పెంకులతో తాపడం, మూలల్లో మీనార్లు, లోపల తరగతి గదులు, అధ్యాపకుల నివాసాలు, మూడువేల గ్రంథాలున్నాయని చెప్పే పుస్తకశాల. ఇప్పుడు వెళ్లేవారికి ఒక మీనారే కనిపిస్తుంది. ఔరంగజేబు కాలంలో జరిగిన మందుగుండు పేలుడులో ముందుభాగం చాలా మటుకు పోయింది. గవాన్ అంతం మన నేల మీదే జరిగింది. 1481లో సుల్తాను కొండపల్లిలో దండు దిగి ఉన్నప్పుడు, గిట్టనివాళ్లు గవాన్ ముద్రతో ఒక దొంగ ఉత్తరం సృష్టించారు. ఒడిశా గజపతిని దండెత్తి రమ్మని పిలిచినట్టు అందులో ఉంది. తాగిన మత్తులో ఉన్న సుల్తాను విచారణ లేకుండా తల తీయించాడు. ఆ తర్వాత బహమనీ రాజ్యం ఎక్కువ కాలం నిలవలేదు.

ఉత్తరాదిలో మరో మలుపు. లక్నోలో ఫిరంగీ మహల్ అనే ఇంట్లో పాఠాలు చెప్పిన ముల్లా నిజాముద్దీన్ పద్దెనిమిదో శతాబ్దంలో ఒక పాఠ్యక్రమం స్థిరపరిచాడు. దర్సె నిజామీ అనే ఆ క్రమం, మార్పులతో, నేటికీ భారత ఉపఖండంలోని చాలా మదరసాల్లో నడుస్తోంది. మొదట్లో అందులో తర్కం, తత్వశాస్త్రం, గణితం పాలు ఎక్కువ. ఇలా చదివినవాడు మసీదు ఇమామే కానక్కర్లేదు, కచేరీలో ముఫ్తీ కావచ్చు, కాజీ కావచ్చు. ఇక ఫారసీ బడుల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఫారసీ రాజభాషగా ఉన్నన్నాళ్లు కొలువు కావాలనుకునేవాళ్లంతా మౌల్వీ ముందు కూర్చోవలసినవాళ్లే. 1830లలో బెంగాలు బడులను పరిశీలించిన విలియం ఆడమ్‌కు ఫారసీ బడుల్లో ముస్లిం పిల్లలకన్నా హిందూ పిల్లలే ఎక్కువగా కనిపించారు. హిందీ రచయిత ప్రేమ్‌చంద్ ఓనమాలు దిద్దింది కూడా మౌల్వీ దగ్గరే. మదరసా అంటే మతపాఠశాల మాత్రమే అన్న అర్థం ఆ కొలువులు పోయాక వచ్చింది.

1857 తిరుగుబాటు అణచివేతతో ఉత్తరాది ముస్లిం కులీనుల ఆసరాలన్నీ కూలాయి. అందులోంచి రెండు దారులు చీలాయి. సయ్యద్ అహ్మద్ ఖాన్ ఇంగ్లీషు చదువే దిక్కని అలీగఢ్‌లో 1875లో బడి, దాని మీద కళాశాల పెట్టాడు. అంతకు తొమ్మిదేళ్ల ముందు, 1866లో, దేవ్‌బంద్ అనే చిన్న ఊళ్లో ఒక మసీదు ఆవరణలో దానిమ్మ చెట్టు కింద ఒకే గురువు, ఒకే శిష్యుడితో ఇంకో బడి మొదలైంది. గురువు పేరు మహమూద్, శిష్యుడి పేరు కూడా మహమూదే. ఆ శిష్యుడే తర్వాత అక్కడి ప్రధాన అధ్యాపకుడై, బ్రిటిష్‌వారిపై కుట్ర ఆరోపణతో మాల్టా ద్వీపంలో ఖైదు అనుభవించిన మహమూద్ హసన్.

అలీగఢ్ కొత్తది, దేవ్‌బంద్ పాతది అని అనుకోవడం అలవాటు. కానీ దేవ్‌బంద్‌వాళ్లు పాఠం పాతదే ఉంచి పద్ధతి మొత్తం ఇంగ్లీషు కాలేజీల నుంచి తెచ్చుకున్నారు. తరగతులు, హాజరు, రాతపరీక్షలు, బహుమతులు, అచ్చేసిన వార్షిక నివేదిక. జమీందార్ల దానాల మీద, సర్కారు గ్రాంటు మీద ఆధారపడకుండా సామాన్యుల చందాలతో నడపాలని నిబంధన పెట్టుకున్నారు. గురువు ఇచ్చే ఇజాజా స్థానంలో సంస్థ ఇచ్చే సనదు వచ్చింది. మరి కొన్నేళ్లకు కైరోలోనూ ఇదే జరిగింది. పదో శతాబ్దపు అల్ అజహర్‌లో పండితులకు పరీక్ష పెట్టి పట్టా ఇచ్చే చట్టం 1872లో వచ్చింది.

ఆ పట్టా ఇవ్వకపోతే ఏమవుతుందో తెలియాలంటే రచయిత తాహా హుసేన్ కథ చాలు. ఈజిప్టు పల్లెలో పుట్టాడు. పసితనంలో కళ్లకలక వస్తే మంగలి చేసిన నాటువైద్యంతో చూపు పోయింది. కుత్తాబు అనే ఊరి ఖురాన్ బడిలో ఖురాన్ కంఠస్థం చేశాడు. తర్వాత పట్టించుకోక మరిచిపోతే, తండ్రి అప్పజెప్పమన్నప్పుడు నోరు పెగలక పడిన సిగ్గును తన ఆత్మకథలో దాచుకోకుండా రాశాడు. 1902లో అల్ అజహర్ చేరాడు, గురువులతో వాదించాడు, చివరికి వాళ్లు పట్టా నిరాకరించారు. కొత్తగా పెట్టిన ఈజిప్టు విశ్వవిద్యాలయానికి వెళ్లి 1914లో దాని మొదటి డాక్టరేటు పుచ్చుకున్నాడు. 1950లో విద్యామంత్రి అయ్యాక ఉన్నత పాఠశాల చదువును అందరికీ ఉచితం చేయించాడు.

కుత్తాబులో దెబ్బలు మామూలే. వాటి మీద అభ్యంతరమూ పాతదే. పద్నాలుగో శతాబ్దంలోనే చరిత్రకారుడు ఇబ్న్ ఖల్దూన్ దీని మీద గట్టిగా రాశాడు. కొట్టి చెబితే పిల్లవాడు సోమరి అవుతాడని, తప్పించుకోవడానికి అబద్ధాలు, మాయలు నేర్చుకుంటాడని, చివరికి అదే వాడి స్వభావమైపోతుందని హెచ్చరించాడు. పాఠాన్ని ఒక్కసారిగా కుమ్మరించకుండా మొదట స్థూలంగా, రెండోసారి వివరంగా, మూడోసారి చిక్కుముడులతో సహా చెప్పాలన్నాడు. మొరాకోవాళ్లు పిల్లలకు ఖురాన్ తప్ప మరేదీ నేర్పరని, అండలూసియావాళ్లు దాంతోపాటు కవిత్వం, వ్యాకరణం, చేతిరాత నేర్పుతారని పోల్చి చూపాడు. ఇవాళ బీఈడీ పాఠాల్లో చేర్చినా తప్పు లేని సంగతులు.

హైదరాబాదు ఈ దారులన్నిటినీ పక్కపక్కన నడిపించి చూసింది. 1876లో అన్వరుల్లా ఫారూఖీ జామియా నిజామియా స్థాపించారు. ఆరో నిజాముకూ ఏడో నిజాముకూ ఆయనే గురువు. 1918లో ఏడో నిజాం ఉస్మానియా విశ్వవిద్యాలయం పెట్టి బోధన ఉర్దూలో ఉండాలన్నాడు. దానికోసం ముందే అనువాద శాఖ ఏర్పాటై, వైద్యం, రసాయనశాస్త్రం, న్యాయశాస్త్రం పుస్తకాలు ఉర్దూలోకి తెచ్చింది. ఇంగ్లీషు పాలనలో ఉన్న దేశంలో ఒక దేశభాషలో ఆధునిక శాస్త్రాలు విశ్వవిద్యాలయ స్థాయిలో చెప్పడం సాహసమే. అయితే ఆ రాజ్యంలో అత్యధికుల ఇంటి భాష తెలుగు, మరాఠీ, కన్నడం. వాళ్లకు ఉర్దూ కూడా నేర్చుకోవలసిన భాషే. 1948లో హైదరాబాదు భారతదేశంలో కలిశాక ఉర్దూ బోధన పోయి ఇంగ్లీషు వచ్చింది. తెలుగుకు అప్పుడూ పెద్దగా ఒరిగింది లేదు.

దక్కను ముస్లిం ఇళ్లలో పిల్లకు నాలుగేళ్ల నాలుగు నెలల నాలుగు రోజులు నిండగానే బిస్మిల్లా వేడుక చేసే ఆచారం ఉంది. మన అక్షరాభ్యాసం లాంటిదే. ఆ తర్వాత చాలామంది పిల్లలు పొద్దున్నే మసీదు మక్తబులో, అంటే చిన్న బడిలో, గంట సేపు ఖాయిదా అనే అరబ్బీ తొలి వాచకం చదివి, తొమ్మిదింటికి మామూలు బడికి పోతారు. పూర్తికాలం మదరసాలో చేరేవాళ్లు చాలా తక్కువ. బడి వయసు ముస్లిం పిల్లల్లో వాళ్లు మూడు శాతం దాకానే అని 2006లో, దేశ ముస్లింల స్థితిగతులను పరిశీలించిన సచార్ కమిటీ తేల్చింది. జనంలో ఉన్న అపోహకూ ఈ అంకెకూ పొంతన లేదు. సగటు ముస్లిం పిల్లవాడి సమస్య మదరసా కాదు, దగ్గరలో మంచి సర్కారు బడి లేకపోవడం, ఉన్నా మధ్యలో మానేయవలసి రావడం.

మదరసాలో చేరే ఆ కొద్దిమంది రోజు ఎలా గడుస్తుంది? ఖురాన్ కంఠస్థం చేసే హిఫ్జ్ విద్యార్థికి పాఠం మూడు రకాలు. సబఖ్ అంటే ఆ రోజు కొత్త పాఠం. సబ్ఖీ అంటే ఈ మధ్యే పూర్తయిన భాగం. ఆమోఖ్తా అంటే వెనకటిదంతా, వంతులవారీగా తిరగేయడం. తెల్లవారుజామున కొత్త పాఠం ఉస్తాదుకు ఒప్పజెబుతారు. ముందుకూ వెనక్కూ ఊగుతూ చదివే ఇరవై ముప్పై గొంతుల మధ్య ఒక్క అచ్చు తప్పుగా సాగదీసినా ఆయన చెవి పట్టేస్తుంది. ఎంత వేగంగా కొత్తది ఎక్కించుకున్నా ఆమోఖ్తా ఆపితే నెలల్లో చెరిగిపోతుంది. పూర్తిచేయడానికి సాధారణంగా మూడు నాలుగేళ్లు. చివర దస్తార్‌బందీ: పెద్దలు విద్యార్థి తలకు పాగా చుట్టి హాఫిజ్‌గా ప్రకటిస్తారు. మన ప్రాంతంలో ఇంకో మెట్టు అదనం. బోధన ఉర్దూలో ఉంటుంది కాబట్టి, ఇంట్లో తెలుగే మాట్లాడే దూదేకుల పిల్లలు అరబ్బీ చేరాలంటే ముందు ఉర్దూ దాటాలి.

ఇండోనేషియాలో ఈ భాషా సమస్యకు పేజీ మీదే పరిష్కారం కనిపెట్టారు. పెసాంత్రెన్ అనే అక్కడి ఆశ్రమ పాఠశాలల్లో గురువు అరబ్బీ గ్రంథం చదువుతూ పోతుంటే విద్యార్థులు ప్రతి మాట కిందా జావా భాషలో అర్థాన్ని, వాలుగా, వేలాడుతున్నట్టు, సన్నని అక్షరాలతో రాసుకుంటారు. గురువు ముందు ఒక్కొక్కరే కూర్చుని చదివి వినిపించే పాత పద్ధతి కూడా అక్కడ బతికే ఉంది. పెసాంత్రెన్‌ల చదువుకు గుర్తింపునిస్తూ 2019లో ఆ దేశం ఒక చట్టం చేసింది. వాటిలో ఆడపిల్లలు లక్షల్లో చదువుతున్నారు. మరోవైపు అఫ్గానిస్తాన్‌లో 2021 నుంచి ఆరో తరగతి దాటిన ఆడపిల్లకు బడి లేదు, 2022 డిసెంబరు నుంచి విశ్వవిద్యాలయమూ లేదు. ఇది మతం కోసమేనని తాలిబాన్లు అంటే, అల్ అజహర్ పెద్ద ఇమామ్ అహ్మద్ అల్ తయ్యబ్ ఆ నిషేధం షరియాకే విరుద్ధమని బహిరంగంగా ఖండించారు. మహిళా గురువుల పేర్లతో నిండిన పాత జీవితచరిత్ర కోశాలు తెరిస్తే ఎవరి మాటకు ఆధారముందో తెలుస్తుంది.

మన దేశంలో సనదు తగాదా 2024లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఉత్తరప్రదేశ్ మదరసా బోర్డు చట్టాన్ని ఆ ఏడాది మార్చిలో అలహాబాద్ హైకోర్టు కొట్టేసింది. నవంబరు 5న సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. మైనారిటీలకు తమ బడులు నడుపుకునే హక్కుంది, అక్కడ మంచి ప్రమాణాలు ఉండేలా చూసే అధికారం ప్రభుత్వానికీ ఉందన్నది తీర్పు సారం. కానీ డిగ్రీ, పీజీ స్థాయి కామిల్, ఫాజిల్ పట్టాలు ఇచ్చే అధికారం బోర్డుకు లేదంది. డిగ్రీలు యూజీసీ చట్టం పరిధిలోవి కాబట్టి వాటిని విశ్వవిద్యాలయాలే ఇవ్వాలి. దాంతో అప్పటికే ఆ కోర్సుల్లో ఉన్న విద్యార్థుల చదువు గాల్లో వేలాడింది.

1998లో ఏర్పడి గచ్చిబౌలిలో ఉన్న మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం ఈ చిక్కును తనకు చేతనైన మేర విప్పుతోంది. కొన్ని మదరసాల సనదులను ప్రవేశాలకు గుర్తిస్తుంది, అక్కడి నుంచి వచ్చినవాళ్ల కోసం వారధి కోర్సులు నడుపుతుంది. అరబ్బీ వ్యాకరణంలో దిట్ట అయిన ఇరవై ఏళ్ల ఆలిమ్ (మదరసా చదువు పూర్తిచేసినవాడు) అక్కడ లెక్కలు, సైన్సు, ఇంగ్లీషు మళ్లీ కింది మెట్టు నుంచి పట్టి, ఆ కోర్సు గట్టెక్కితే బీకాంలోనో బీఎస్సీలోనో చేరవచ్చు.